తారు కింద ఇత్తడి

పాత కారు వయసు చెప్పమంటే అందరూ వంగి నంబరు ప్లేటు చూస్తారు. నేను తలుపులు చూస్తాను. నంబరు ప్లేటు ఎవడైనా మార్చేయగలడు. తలుపు మార్చాలంటే కారు ఒళ్లంతా విప్పుకోవాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు.

రాజమండ్రిలో పాలిటెక్నిక్ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్నకు మోటారు వర్క్‌షాపు ఉండేది. పరికిణీ వయసులోనే కార్ల కింద దూరి, గ్రీజు మరకలతో ఇంటికి వచ్చి అమ్మ చేత చీవాట్లు తినేదాన్ని. అయితే ఈ తొలినాటి కార్ల పిచ్చి నాన్న అంటించింది కాదు. ఒకసారి క్లాసు కోసం బొమ్మలు వెతుకుతుంటే నూరేళ్ల నాటి కారు డ్రాయింగు ఒకటి కంటబడింది. ముందు నుంచీ, పక్క నుంచీ, పై నుంచీ మూడు బొమ్మలు. ఆ కారు ఇంకా గుర్రబ్బండి చాయలు వదులుకోలేదు. గుర్రం స్థానంలో ఇంజను పెట్టారు గానీ, దీపాలు బండివే, చక్రాలు బండివే, కూర్చునే ఎత్తు కూడా బండిదే. ఆ రోజు క్లాసు సంగతి మరిచిపోయి ఆ బొమ్మ ముందే కూర్చున్నాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పిచ్చి తగ్గలేదు, పైగా ముదిరింది.

ఇదేమంత బ్రహ్మవిద్య కాదు, చూడడం తెలియాలి అంతే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కార్లకు ముందున్న రేడియేటరు చాలావరకు ఇత్తడిది. యుద్ధం తర్వాత ఇత్తడి పోయి, నల్లరంగు పూసిన ఇనుము వచ్చింది. అప్పటి చక్రాలకు కర్ర ఆకులు ఉండేవి. చక్రం నడిమి నుంచి అంచుకు వెళ్లే కర్రలను మన బండివాళ్లు ఆకులనే అంటారు కదా, అవే. ముందు అద్దం నిటారుగా నిలబడి ఉంటుంది. ఇంజను మూత వచ్చి కారు ఒంటికి తగిలేచోట ఇంకా పాతవాటికి మెట్టులా తెగిపోయి ఉంటుంది, తర్వాతి వాటికి నున్నగా కలిసిపోతుంది. ఇక దీపాలు. మొదట నూనెవి, తర్వాత గ్యాసువి, ఆ తర్వాత కరెంటువి. ఈ నాలుగైదూ చూస్తే కారు ఏ కాలానిదో రెండు మూడేళ్ల తేడాతో చెప్పేయవచ్చు. నాకు తెలియని వాళ్లు కూడా వాట్సాప్‌లో ఫొటోలు పంపి అడుగుతుంటారు. అన్నం తింటూ కూడా జవాబులు పెడుతుంటాను.

మా ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కారులో ఏసీ పనిచేస్తే చాలు ఆయనకు, ఇంకేమీ పట్టదు. “మేష్టారూ, సాంబారు చల్లారిపోతోంది. ఆ కారు నూరేళ్లు ఆగింది, ఇంకో పది నిమిషాలు ఆగలేదా?” అంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసి మరీ అంటారు.

పోయిన ఏడాది వేసవి చివర్లో ఒక పొద్దున ఫోను వచ్చింది. నా దగ్గర చదువుకున్న ఒకతను నా నంబరు ఇచ్చాడట. మాట్లాడేది రావులపాలెం అవతల కాలువ గట్టు మీద ఊళ్లో ఉండే రైతు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి.

“మేడమ్ గారాండీ? మా పాకలో పాత కారొకటి ఉందండి. అది మా తాతగారు తోలిన కారో కాదో తమరు చెప్పాలండి.”

“కారు ఏ కాలం నాటిదో చెప్తానండి. ఎవరు తోలారో నాకెలా తెలుస్తుంది?”

“అదేనండి మరి. మా అమ్మ కొన్ని గుర్తులు చెబుతాదండి. అవి కలుస్తాయో లేదో చూసి పెడితే చాలండి.”

ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన తల్లికి తొంభై దాటాయి. ఆవిడ తండ్రి ఒక జమీందారు గారి దగ్గర కారు డ్రైవరు. ఆవిడకు ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చి పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు. ఆవిడకు పెళ్లయి పిల్లలు పుట్టాక, ఆ దివాణం సామాన్లు ఒకటొకటే అమ్ముడుపోతున్న రోజుల్లో, ఆవిడ భర్త ఎక్కడో చేతులు మారి వచ్చిన పాత కారు ఒకటి కొని పడవ మీద వేసుకుని తెచ్చాడు. దాని ఇంజనుతో కాలువ నీళ్లు అరటితోటకు తోడుదామని ఆయన ఆలోచన. ఇంజను ఒక్కరోజు కూడా తిరగలేదు. కారు పాకలో పడింది. కానీ దాన్ని పడవ మీద చూడగానే ఆవిడ, ఇది మా నాన్న కారే అంది. భర్త నవ్వాడు. మీ నాన్న కారుకు బంగారం ముక్కు అన్నావు, దీనికి నల్లముక్కు కదా అన్నాడు. దీపాలకు నీళ్లు పోసేవాళ్లన్నావు, దీనికి కరెంటు దీపాలు కదా అన్నాడు. పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయన్ని చూసి వీధి వీధంతా నవ్వడం నేర్చుకుంది. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, “మామ్మా, బల్బులో కాసిని నీళ్లు పొయ్యవా” అని ఆట పట్టించేవారట.

దీపాలకు నీళ్లు అనే మాట వినగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. “ఏమండీ, మీ అమ్మగారు నిజం చెబుతున్నారండి. రావులపాలెం వాళ్లు మీకు కార్బైడ్ తెలియదా? ఒకప్పుడు అరటికాయలు మగ్గేయడానికి వాడేవారే, అది. దాని మీద నీటిచుక్క పడితే గ్యాసు వస్తుంది. ఆ గ్యాసుతోనే అప్పటి కారు దీపాలు వెలిగేవి. డ్రైవరు పొద్దుగూకే ముందు డబ్బాలో నీళ్లు పోసుకోవలసిందే.”

అవతల ఆయన నెమ్మదిగా, “ఇన్నేళ్లూ నేనూ నవ్వానండి” అన్నాడు.

అయినా అసలు చిక్కు తీరలేదు. సముద్రం వైపు రిసార్టు కడుతున్న వాళ్లెవరో ఈ కారు అడిగారు. సగానికి కోసి, లాన్‌లో నిలబెట్టి, లోపల పూల మొక్కలు పెడతారట. ఇది ఎందుకూ పనికిరాని తుక్కు, అంత పాతదేమీ కాదని వాళ్లే చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం లారీ వస్తుంది. “మా తాతగారిదైతే నేనివ్వనండి. కాదంటే మటుకు దాన్నెందుకండి, కొబ్బరి డొక్కలు పెట్టుకోటానికి చోటు చాలట్లేదు. లారీ సంగతి తెలిసిన్నుంచీ అమ్మ సరిగా అన్నం తినట్లేదండి. తమరు కాదంటే కాదని ఆవిడకి నచ్చచెప్పుకుంటానండి.”

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. గ్యాసు దీపాల కారును ఫొటోల్లో చూడడమే గానీ చేత్తో ముట్టుకున్నది లేదు. తెల్లవారుతూనే మా ఆయన్ని లేపి కారు తీయించాను. ధవళేశ్వరం దాటి, కడియం నర్సరీల మీదుగా జొన్నాడ వంతెన ఎక్కేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఇత్తడి రేడియేటరు ఎలా ఉంటుందో, గ్యాసు డబ్బా ఎక్కడ బిగిస్తారో అంతా చెప్పాను. “వింటున్నారా?” అంటే, “గ్యాసు దగ్గర ఉన్నానోయ్” అన్నారాయన. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య ఇరుక్కుని అరగంట పోయింది. ఆ అరగంటా నేను లారీ వాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఇల్లు కాలువ గట్టుకు ఆనుకునే ఉంది. అరుగు మీద నవారు మంచంలో ముసలావిడ కూర్చుని ఉంది. పలచటి మనిషి. నన్ను ఎగాదిగా చూసి, “మాస్టరంటే మగాడనుకున్నాన్రా” అంది కొడుకుతో. ఆయన సిగ్గుపడి నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు.

పాకలో చూసింది చూడగానే నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. కారు వెనక సగం కాయలొలిచిన కొబ్బరి డొక్కల గుట్టలో కూరుకుపోయి ఉంది. కుడిపక్క మట్టిగోడకు అంటుకుపోయి ఉంది. కనిపిస్తున్న ముందు భాగమంతా నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే వేలిముద్ర పడింది.

“ఇదేంటండీ, ఇది రంగు కాదే?”

“తారండి. ఏటా వైశాఖంలో మా పడవని గట్టెక్కించి తారు పూసేవారు కదండీ, డబ్బాలో మిగిలింది నాన్న దీనికి పూసేవారండి. వరదొచ్చినా తుప్పు పట్టదని. పడవ పోయిందండి, తారు పూయడం మటుకు నేను మానలేదు. ఈ ఏడు కూడా పూసేను.”

అరవై డెబ్బై ఏళ్ల తారు. ఎక్కడి అంచూ కనబడదు, ఎక్కడి బోల్టూ తెలియదు. కారు మొత్తం ఉండలు చుట్టుకుపోయి ఉంది. రేడియేటరు నలుపు. దీపాలు చూస్తే గుండ్రటి చిన్న కరెంటు దీపాలు. ఎడమవైపు ముందు చక్రం మీద టార్చి వేశాను. పన్నెండు ఆకుల్లో పదకొండు కోలగా చెక్కినవి, ఒకటి మాత్రం ఎడ్లబండి ఆకులా పలకలు పలకలుగా ఉంది. మా ఆయనకు మాత్రమే వినబడేలా, “చూశారా, బండి ఆకు తెచ్చి తగిలించారు. ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి కలిపిన కలగాపులగం ఇది” అన్నాను.

“అప్పుడే తేల్చేశావా? మూడు వైపులా గీయకపోతే పిల్లలకి మార్కులు వేసేదానివి కాదుగా.”

ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పని నాకు నేర్పకండి అన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే నాకు ఏడుపు వస్తోంది. రాత్రంతా ఇత్తడి కలలు కని వచ్చినదాన్ని, ఎదురుగా ఈ తారు ముద్ద. ఆ ఉక్రోషంలోనే పెరట్లోకి వచ్చి, అరుగు మీదికి వినబడుతుందన్న ఇంగితం కూడా లేకుండా, క్లాసులో చెప్పినంత గట్టిగా చెప్పేశాను.

“మీ అమ్మగారు చెప్పినటువంటి కార్లు నిజంగా ఉండేవండి. కానీ ఇది అది కాదు. ఇది యుద్ధం తర్వాతి బండి. ఇనప రేడియేటరు, కరెంటు దీపాలు. మీ తాతగారి కారు వేరు.”

ఆయన తల ఊపాడు. అరుగు మీద ముసలావిడ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆయన భార్య కాఫీ తెచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు అంచున మొహం అవతలికి పెట్టుకుని కూర్చున్నాను. తప్పు చెప్పానని కాదు, అప్పటికి నా మాటే ఒప్పని నాకు గట్టి నమ్మకం. ఆవిడ వీపు చూడలేకపోయాను, అంతే.

ఆవిడ అటు తిరిగే ఉండి, “అమ్మాయ్, మా నాన్న ఎటు దిగేవాడో నీకు తెలుసా?” అంది.

“కుడిపక్కే కదా మామ్మగారూ. డ్రైవరు సీటు అటే కదా.”

“కూర్చునేది అటే. దిగేది ఎడమపక్కనించి. ఎక్కేటప్పుడూ అంతే, ఇటెక్కి అటు జరిగేవాడు. కుడిపక్క తలుపు లేదే పిల్లా. తలుపున్నట్టు ఊరికే గీత గీసి వదిలేశారు. పైగా ఆ పక్కన బయటికి ఇంతింత కడ్డీలు రెండుండేవి. వాటిని పట్టుకు లాగుతానని నేను పేచీ పెట్టేదాన్ని.”

గ్లాసు కింద పెట్టేశాను. గేరు కడ్డీ, బ్రేకు కడ్డీ కారు బయట కుడిపక్కన ఉండడం, అవి అడ్డమని అటు తలుపు పెట్టకపోవడం, అందం కోసం తలుపు గీత మాత్రం వేయడం, ఇవి యుద్ధానికి ముందరి ఇంగ్లండు కార్ల లక్షణాలు. ఇది చూసినవాళ్లకే తప్ప తెలియదు. ఊహించి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏ పక్కనైతే నేను చూడకుండా తీర్పు చెప్పేశానో, ఆ పక్క సంగతే ఆవిడ అడుగుతోంది.

“కారు బయటికి లాగండి” అన్నాను. “ఇప్పుడేనాండీ?” అన్నాడాయన. “ఇప్పుడే. లారీ వచ్చేలోపల.”

వీధిలోంచి ఏడెనిమిది మంది వచ్చారు. డొక్కలు తట్టలతో అవతల పోశారు. టైర్లు ఎప్పుడో చీకిపోయాయి, చక్రాల కింద అరటి బోదెలు పరిచి, వెనక నుంచి వెదుళ్లతో ఎత్తి తోశారు. నేను చీర కుచ్చిళ్లు బిగించుకుని పక్కనే ఉండి కేకలు వేస్తున్నాను. మా ఆయన కూడా చొక్కా చేతులు మడిచి ఒక పట్టు పట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక కారు కోసం ఆయన ఒళ్లు వంచడం అదే మొదటిసారి.

కారు ఎండలోకి వచ్చింది. కుడిపక్కకు పరుగెత్తాను. తారుతో దుడ్డుకర్రల్లా తయారైన రెండు కడ్డీలు ఒంటికి బయటగా నిలబడి ఉన్నాయి. తలుపు ఉండాల్సినచోట అరచేయి పెట్టి పైనుంచి కిందికి తడిమాను. బందులు లేవు. గడియ లేదు. కిరసనాయిలులో కొబ్బరి పీచు ముంచి రుద్దితే తారు వదిలి సన్నటి గీత బయటపడింది. గీతే. తలుపు కాదు.

తర్వాత నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. కరెంటు దీపాలు పట్టుకుని ఊపి చూశాను. వాటిని పట్టి ఉంచిన ఇనప చేతులు వాటికన్నా రెండింతలు పెద్ద దీపాల కోసం చేసినవి. మధ్యలో రేకు అడ్డం పెట్టి తీగతో కట్టారు. దివాణం వాళ్లో, మధ్యలో కొన్నవాళ్లో గ్యాసు దీపాలు తీసేసి ఇవి పెట్టించి ఉంటారు. కాలు పెట్టి ఎక్కే పలక మీద తారు గీకితే నాలుగు బోల్టు కన్నాలు, వాటి మధ్యన గుండ్రటి మచ్చ. అక్కడే కార్బైడ్ డబ్బా ఉండేది. అక్కడి నుంచి దీపాల దాకా వెళ్లిన సన్నటి రాగి గొట్టం తారులో భద్రంగా అలాగే ఉంది. ఇంజను మూత అంచు, నిటారు అద్దం చట్రం, ముందు చక్రాలకు బ్రేకులు లేకపోవడం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా కళ్లకు ఇప్పుడు ఆనుతున్నాయి. ఒక్కోటి దొరికినప్పుడల్లా మా ఆయన్ని పిలిచి చూపిస్తున్నాను. ఆయన కూడా ఎగబడి చూస్తున్నారు.

రేడియేటరు ఆఖర్న రుద్దాను. కొడుకూ నేనూ చెరోవైపు. తారు పోతే కింద నల్లరంగు పొర వచ్చింది. ఆయన చేతులు ఆగిపోయాయి. “రుద్దండి, ఆపకండి” అన్నాను. రంగు కూడా పోయింది. ముందు గోరంత, తర్వాత అరచేయంత, పచ్చటి ఇత్తడి ఎండకు మెరిసింది. తోమే ఓపిక లేక ఎవరో దానికి నలుపు పూయించి ఉంటారు. ఆయన అలా చూస్తూ నిలబడిపోయి, పై తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

చేసింది తప్పని మామూలుగా నేను ఒప్పుకోను. మా ఇంట్లో అది అందరికీ తెలుసు. అరుగు దగ్గరికి వెళ్లి ముసలావిడ మంచం పక్కన కింద కూర్చున్నాను. “మామ్మగారూ, నేను ఒక్క వైపే చూసి నోరు పారేసుకున్నాను. క్షమించండి. మీరు చెప్పిన కారు సరిగ్గా ఇలాంటిదే.”

ఆవిడ ఇటు తిరిగింది. “ఇలాంటిదేనా? ఇదేనా?”

అబద్ధం చెప్పి ఆవిడను సంతోషపెట్టవచ్చు, కానీ ఇంకోసారి ఆవిడను చిన్నపిల్లను చేయడం నాకు ఇష్టం లేదు. “ఆ రోజుల్లో ఇలాంటివి ఇంకొన్ని ఉండి ఉంటాయి మామ్మగారూ. ఈ కారే అని చెప్పాలంటే మీ నాన్నగారి చేతి పని ఏదైనా దీని మీద ఉండాలి. ఏమైనా గుర్తుందా?”

“చక్రం సంగతి చెప్పలేదేంట్రా ఈవిడకి?” అంది కొడుకుతో.

“ఏదో చక్రం కథ చెబుతాదండి ఎప్పుడూ. నేనే పట్టించుకోలేదు.”

ఆవిడే చెప్పింది. ఒకసారి గట్టు మీద వస్తుంటే రాయి తగిలి ముందు చక్రం ఎడమదానికి ఆకు విరిగిందట. బస్తీ నుంచి కొత్తది తెప్పించాలంటే నెల పడుతుంది, జమీందారు గారు ఆగే మనిషి కాదు. కాలువ ఒడ్డున పడవలు చేసే వడ్రంగి ఉంటే ఆయన చేత తుమ్మకర్రతో ఆకు చెక్కించాడు వాళ్ల నాన్న. పక్కన కూర్చుని ఈవిడ చూసింది. “అది కదలకుండా ఆకు మొదలు దగ్గర రాగిమేకు కొట్టేరు. పడవలకి కొట్టే మేకే. నాకూ ఒకటి ఇమ్మంటే నాన్న ఇప్పించేడు.”

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కలగాపులగమని నేను ఈసడించిన ఆకు. ఆయన ఒక్క ముక్క దెప్పలేదు, అందుకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. ఇద్దరం కారు దగ్గరికి వెళ్లాం. వీధి వాళ్లు మా వెనకే వచ్చారు. పలకల ఆకు మొదట్లో తారు దళసరిగా పట్టి ఉంది. పీచుతో రుద్దితే వదల్లేదు. ఇంట్లోంచి అట్లకాడ తెప్పించి గీకాను. నలుపు, దాని కింద నలుపు, దాని కింద కర్ర, కర్ర మధ్య బటాణీ గింజంత మేకు తల. అట్లకాడ అంచు తగిలినచోట ఎర్రగా మెరిసింది. రాగి.

“ఇదేనండి” అన్నాను. అనడం కాదు, అరిచాను.

ఆయన అక్కడే నిలబడి ఫోను తీసి రిసార్టు వాళ్లతో లారీ పంపవద్దని చెప్పాడు. అవతలివాళ్లు ఏదో అంటున్నారు. “అది మా తాతగారి కారండి” అని పెట్టేశాడు. తర్వాత వెళ్లి తల్లిని ఎత్తుకుని తీసుకొచ్చి, కారు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ చక్రం మీద చేయి వేసి మేకును వేలితో వెతుక్కుంది. దొరికాక చాలాసేపు చేయి తీయలేదు. పక్కింటి పెద్దాయన, బల్బులో నీళ్లు పొయ్యమని ఆట పట్టించినవాళ్లలో ఆయనా ఒకడేనట, “వదినా, మేం తప్పు మాట్లాడేం” అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

“మా ఆయన ఉండగా రాలేకపోయావా అమ్మాయ్” అంది నాతో. “నా అంత అబద్ధాలకోరు లేదనుకునే పోయాడు.”

ఆవిడ చేయి పట్టుకున్నాను. మీ ఆయన మీ మాట నమ్మలేదు గానీ, ఏటేటా తారు పూసి ఈ కారును కాపాడింది కూడా ఆయనే అన్నాను. “నా కారని కాదు, పడవకి మిగిలిందని పూసేడు” అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొడుకు తెల్ల కాగితం, పెన్ను తెచ్చాడు. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది, మీరు చూసిందంతా రాసివ్వండి అన్నాడు. డ్రాయింగు రాత కదా, ముత్యాల్లా రాశాను. ఇత్తడి రేడియేటరు, కుడివైపు తలుపు గీత, బయటి కడ్డీలు, గ్యాసు డబ్బా కన్నాలు, తుమ్మ ఆకు, రాగిమేకు, అన్నీ వరసగా. కింద సంతకం పెట్టి ఇచ్చాను. ముసలావిడకు చదువు రాదు. కొడుకు చదివి వినిపించాడు. ఆవిడ చెవి ఒగ్గి ఆఖరుదాకా విని, “అందులో మా నాన్నేడీ?” అంది.

కాగితంలో అంతా కారే ఉంది. ఆ మనిషి నడిపిన కారును పొద్దుటి నుంచి అంగుళం అంగుళం తడిమినదాన్ని, ఆయన పేరేమిటని ఒక్కసారైనా అడగలేదు. అప్పుడు అడిగాను. ఆవిడ ఇంటిపేరుతో సహా చెప్పింది. నేను కాగితం తిరిగి తీసుకుని అన్నిటికన్నా పైన, ఈ కారును నడిపిన వారు ఫలానా అని రాశాను. కొడుకు ఆ పేరు చదివాడు.

“వీధిలోకెళ్లి చదవరా” అంది ఆవిడ. “గట్టిగా చదువు.”